మిసిసిపీ ఒడ్డున మరో మెంఫిస్

మెంఫిస్ అనే పేరు చరిత్ర చదివిన వారికి కొత్త కాదు. నైలు నది ఒడ్డున ఫిరౌనులు ఏలిన ప్రాచీన రాజధాని అది. అరబ్బు చరిత్రకారులు దానిని ‘మన్ఫ్’ అన్నారు. ప్రజలు ఏమరుపాటుగా ఉన్న వేళ మూసా (అలై) ప్రవేశించినట్లు దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించిన నగరం ఇదేనని కొందరు వ్యాఖ్యాతలు రాశారు. నేడు అక్కడ మిగిలినవి కొన్ని శిథిలాలు మాత్రమే.

ఆ పేరుతోనే మరో నగరం అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, మిసిసిపీ నది తూర్పు గట్టు మీద ఉంది. 1818లో చికసా తెగ ఆదివాసుల నుండి ఒప్పందం పేరిట ఆ నేలను తీసుకున్నారు. మరుసటి సంవత్సరమే అక్కడ ఊరు కట్టారు. మహానదిని చూసిన ఆ స్థాపకులకు నైలు స్ఫురించింది కాబోలు, ఊరికి ఫిరౌనుల రాజధాని పేరు పెట్టారు. పేరుతో పాటు ఫిరౌను గుణం కూడా ఆ నేల మీదికి వచ్చిందన్న సంగతి ఆ ఊరు తిరిగి చూస్తే గాని నాకు అర్థం కాలేదు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా అక్కడ నివసిస్తున్నాడు. నేనూ మా ఆవిడా వాడి దగ్గర రెండు నెలలు గడిపాము. లోకానికి తెలిసిన మెంఫిస్ సంగీత నగరం. బ్లూస్, సోల్, రాక్ అండ్ రోల్ అనే సంగీత రీతులను పెంచి పోషించిన చోటు. “పాటల ఊరితో మనకేం పనండీ, నదిని చూసి ఇంటికి పోదాం” అన్నది మా ఆవిడ. మా ఇంట్లో పాటల అలవాటు లేదు. సంగీతం విషయంలో ధర్మవిద్వాంసుల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే గనుక ఇక్కడ వాటిని చర్చించబోను. అయితే మా మనవరాలికి బడిలో తమ నగర చరిత్ర మీద ఒక వ్యాసం రాసే పని అప్పగించారు. “దాదా, ఆ పాటలు ఎవరు పాడారో, ఎందుకు పాడారో రాయాలి. నాతో మీరు కూడా రావాలి” అని పట్టుబట్టింది. ధరిత్రిలో సంచరించి గతించిన వారి పర్యవసానాన్ని పరిశీలించమని అల్లాహ్ మనకు పదే పదే ఆదేశించాడు. ఆ ఉద్దేశంతోనే బయలుదేరాను.

నది, పత్తి, ఒక రాజకుమారుడు

మొదట నది దగ్గరికే వెళ్లాము. గోదావరిని చూసి పెరిగిన కళ్లకు కూడా మిసిసిపీ గంభీరంగానే కనిపిస్తుంది. నీరు మట్టి రంగులో, చప్పుడు లేకుండా, బరువుగా సాగుతుంది. ఎత్తయిన గట్టు మీద నుండి చూస్తే ఆవలి ఒడ్డు అర్కన్సా రాష్ట్రం. నగర కేంద్రం ఉత్తరపు అంచున 321 అడుగుల ఎత్తున ఉక్కు పలకలతో కట్టిన పిరమిడ్ ఒకటి ఎండకు మెరుస్తూ ఉంటుంది. 1991లో క్రీడామందిరంగా ప్రారంభమైన ఆ కట్టడం ఇప్పుడు వేట సామగ్రి, చేపల గాలాలు అమ్మే పెద్ద దుకాణం. దాని ముందు ఒకప్పుడు ఫిరౌను రెండవ రామ్సెస్ విగ్రహపు నకలు కూడా ఉండేదట. దానిని తరువాత విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తరలించారు.

నది ఒడ్డున ఉన్న ఉద్యానవనానికి టామ్ లీ అనే నల్లజాతి కార్మికుని పేరు పెట్టారు. 1925 మే 8న ఒక ఆవిరి పడవ ఈ నదిలో తిరగబడింది. తన చిన్న పడవలో ఒంటరిగా వస్తున్న టామ్ లీ అది చూసి, మళ్లీ మళ్లీ ప్రవాహంలోకి వెళ్లి 32 మందిని ఒడ్డుకు చేర్చాడు. అతనికి ఈత రాదు. కృతజ్ఞతగా నగరం అతనికి ఒక ఇల్లు సమకూర్చింది, ఒక ఉద్యోగం కూడా ఇచ్చింది. చెత్త ఎత్తే పారిశుధ్య విభాగంలో! ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని ఖుర్ఆన్ బోధిస్తుంది. ముప్పై రెండు ప్రాణాలు కాపాడిన మనిషికి ఆనాటి నగరం ఇవ్వగలిగిన స్థానం అది. “వేరే ఉద్యోగం ఎందుకు ఇవ్వలేదు?” అని మనవరాలు అడిగింది. సమాధానం ఆ వారమంతా మాకు ఒక్కొక్క చోట కొంచెం కొంచెంగా దొరికింది.

ఆ ఉద్యానవనంలోనే పచ్చిక మీద చాప పరచి అసర్ నమాజు చేసుకున్నాము. మన దేశంలో పడమటి దిక్కుకు తిరిగి నిలబడటానికి అలవాటు పడిన దేహం అక్కడ ఈశాన్యానికి తిరగాలి. దిక్కు మారినా గమ్యం ఒక్కటే అన్న భావం మనసును తడిపింది.

నదికి దగ్గరలోనే పత్తి మ్యూజియం ఉంది. ఒకప్పుడు అది పత్తి వ్యాపారులు ధరలు నిర్ణయించిన మందిరం. ఈ నగరం పుట్టి పెరిగింది పత్తి వల్ల, ఆ పత్తి పండింది బానిసల చెమట వల్ల. పొలాల నుండి బేళ్లు పడవల మీద వచ్చేవి. మనుషులు కూడా సరకుగానే వచ్చేవారు. మనుషులను కొని అమ్మి ధనవంతుడైన నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ వ్యాపారస్థలం ఈ ఊరి నడిబొడ్డునే ఉండేది. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడి, తరువాత కూ క్లక్స్ క్లాన్ అనే హంతక ముఠాకు అధిపతి అయిన ఆ మనిషికి నగరంలో 1905లో గుర్రం మీద కూర్చున్న విగ్రహం నిలబెట్టారు. అది 2017 డిసెంబరు దాకా కదలలేదు.

ఇదే నది మీద దిగువకు వెళితే నాచెజ్ అనే ఊరు వస్తుంది. మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన ఒక కథ అక్కడిది. నేటి గినీ దేశంలోని ఫూతా జల్లోన్ పాలకుని కుమారుడు అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా. ఖుర్ఆన్ చదివినవాడు, అరబీ రాయగలవాడు. 1788లో యుద్ధంలో పట్టుబడి బానిసగా అమ్ముడుపోయి, నాచెజ్‌లోని తోటలో నలభై ఏళ్లు చాకిరీ చేశాడు. ఒకప్పుడు ఆఫ్రికాలో అతని తండ్రి దగ్గర ఆశ్రయం పొంది ప్రాణాలు దక్కించుకున్న ఒక తెల్ల వైద్యుడు 1807లో అంగడిలో అతనిని గుర్తుపట్టాడు. విడిపించాలని ఎంత ప్రయత్నించినా యజమాని అమ్మడానికి ఒప్పుకోలేదు. ఆఖరికి అతను అరబీలో రాసిన ఒక లేఖ మొరాకో దాకా వెళ్లడంతో 1828లో విముక్తి లభించింది. కాని పుట్టిన ఊరు చేరకుండానే, మరుసటి సంవత్సరం లైబీరియా తీరంలో కన్నుమూశాడు.

అతనిలాంటి ముస్లిములు పశ్చిమాఫ్రికా నుండి వచ్చిన బానిసలలో గణనీయంగా ఉండేవారు. వారి పేర్లు మార్చారు, భాష మాన్పించారు, పిల్లలను తల్లుల నుండి వేరు చేసి అమ్మారు. రెండు మూడు తరాలు గడిచేసరికి కలిమా చదివిన నాలుక మీద దాని జాడ కూడా మిగలలేదు. ఏదీ మిగలనప్పుడు గొంతు మిగిలింది. పొలాలలో, నది కరకట్టల మీద పని చేస్తూ వారు దీర్ఘంగా, ఒంటరిగా ఎత్తిన రాగాల నుండే బ్లూస్ పుట్టిందని చెబుతారు. ఆ రాగాలలోని సాగదీతలకూ, మలుపులకూ పశ్చిమాఫ్రికాలో వినిపించే అజాన్‌కూ, ఖుర్ఆన్ పఠనానికీ పోలిక ఉందని సిల్వియాన్ డియూఫ్ అనే చరిత్ర పరిశోధకురాలు వాదించారు. ఇది అందరూ అంగీకరించిన నిర్ణయం కాదు. అయినా ఆ మాట విన్నాక, ఆ ఊళ్లో ఎక్కడ పాట వినిపించినా అది నాకు వినోదంగా వినిపించడం మానేసింది.

పత్తి మ్యూజియంలో దూదిని చూస్తూ నిలబడినప్పుడు మన ఊళ్ల దూదేకుల సోదరులు గుర్తుకు వచ్చారు. భుజాన విల్లు వేసుకొని వీధి వీధీ తిరిగి పరుపులకు దూది ఏకిన నూర్‌బాషాలు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇంగ్లండు మిల్లులు మన దేశపు పత్తి కోసం ఎగబడ్డాయని చదివాను. అక్కడ పత్తి తీసినవాడు నీచుడన్నారు, ఇక్కడ దూది ఏకినవాడు తక్కువ అన్నారు. ‘పింజారీ’ అన్నది ఒక వృత్తి పేరు. తెలుగు నాలుకల మీద అది తిట్టు ఎలా అయిందో ఆలోచించారా? ఆ ఆలోచనను అప్పటికి పక్కన పెట్టి బయటికి వచ్చాను.

పాటలు పుట్టిన వీధులు

బీల్ వీధికి పగటిపూట వెళ్లాము. రాత్రయితే అక్కడ మద్యం వీధిలోనే చేతుల్లో పట్టుకొని తిరుగుతారు. కుటుంబంతో వెళ్లదగిన సమయం ఉదయమే. వెలిగించని నియాన్ దీపాలు, ఇటుక గోడలు, వీధి ఊడుస్తున్న ఇద్దరు మనుషులు. అంతే. బ్లూస్ పితామహుడని పిలిచే డబ్ల్యూ. సి. హాండీ విగ్రహం అక్కడి ఉద్యానవనంలో ఉంది. మరికొంత దూరంలో 2021లో ప్రతిష్ఠించిన ఐడా బి. వెల్స్ విగ్రహం ఉంది. ఆమె బానిస తల్లిదండ్రులకు పుట్టి ఈ ఊళ్లో పత్రికా సంపాదకురాలైన స్త్రీ. 1892లో, తెల్లవారి దుకాణానికి పోటీగా కిరాణా కొట్టు నడిపిన ముగ్గురు నల్లవారిని మూక పట్టుకుపోయి చంపింది. ఆ హత్యల వెనుక నిజాన్ని ఆమె తన పత్రికలో రాసింది. ఆమె ఊళ్లో లేని సమయంలో ముద్రణాలయాన్ని ధ్వంసం చేశారు. తిరిగి వస్తే చంపుతామన్నారు. ఆమె మరో నగరం నుండి రాయడం కొనసాగించింది. అత్యాచారి అయిన పాలకుని ముందు న్యాయమైన మాట పలకడం ఉత్తమమైన జిహాద్ అని దైవప్రవక్త (స) బోధించినట్లు మనం పిల్లలకు చెబుతాము. ఆ మాటకు ఒక ఉదాహరణ ఆ విగ్రహం రూపంలో నా మనవరాలి ముందు నిలబడి ఉంది.

యూనియన్ వీధిలో 706 నంబరు భవనం సన్ స్టూడియో. 1950లో శామ్ ఫిలిప్స్ దానిని తెరిచినప్పుడు, మరెవరూ రికార్డు చేయని నల్లజాతి గాయకులు అక్కడికి వచ్చేవారు. 1954 జూలైలో పందొమ్మిదేళ్ల లారీ డ్రైవరు ఎల్విస్ ప్రెస్లీ అక్కడ పాడిన పాటతో అతని కీర్తి మొదలయింది. ఆ పాట రాసినవాడు ఆర్థర్ క్రూడప్ అనే మిసిసిపీ నల్లజాతీయుడు. తెల్ల గాయకుడు కోటీశ్వరుడయ్యాడు. తనకు రావలసిన రాయల్టీ కోసం పోరాడుతూనే క్రూడప్ 1974లో చనిపోయాడు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశం పొలం కూలీకి మాత్రమే కాదు, పాట కట్టిన కూలీకి కూడా వర్తిస్తుంది కదా!

ఎల్విస్ 1957లో కొన్న గ్రేస్‌లాండ్ భవంతిని చూడటానికి ఏటా లక్షల మంది వస్తారు. ఇంటి పెరడులోనే అతని సమాధి. పక్క ప్రాంగణంలో అతని సొంత విమానాలు. లోకమంతా తన పేరు జపిస్తుండగా నలభై రెండేళ్ల వయసులో, మందుల మీద ఆధారపడిన దేహంతో ఆ ఇంట్లోనే మరణించాడు. ప్రవేశ రుసుము కట్టి లోపలికి వెళ్లడానికి మనసొప్పలేదు. గేటు బయట గోడ మీద అభిమానులు రాసిన పేర్లు చదివి, అతని కోసం కాదు, మా కోసం ఒక క్షణం మౌనంగా ఉండి తిరిగి వచ్చాము.

మాక్‌లమోర్ వీధిలోని స్టాక్స్ మ్యూజియం కథ వేరు. 1960లో ఒక పాత సినిమా హాలులో స్టూడియో మొదలుపెట్టారు అక్కాతమ్ముళ్లయిన ఇద్దరు తెల్లవారు. నల్లవారు, తెల్లవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయలేని ఊళ్లో, ఆ గదిలో మాత్రం ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు కలిసి వాయించేవారు. 1975లో సంస్థ దివాలా తీసింది, 1989లో భవనాన్ని కూల్చివేశారు. 2003లో అదే స్థలంలో దానిని మళ్లీ కట్టి మ్యూజియంగా తెరిచారు. పక్కనే పేటలోని పిల్లల కోసం బడి నడుస్తోంది.

తిండి విషయంలో ఒక మాట చెప్పాలి. ఈ ఊరికి పంది మాంసపు వంటకాలు ప్రసిద్ధి. మాంసమే కాదు, చిక్కుడు గింజల కూరలోనూ, ఆకుకూరలలోనూ కూడా రుచి కోసం పంది కొవ్వు వేస్తారు. కాబట్టి శాకాహారమని ధీమాగా తినరాదు, అడిగి తినాలి. నగరంలో హలాల్ దుకాణాలు ఉన్నాయి. మా కోడలు ఇంటి నుండి పరాటాలు, ఆలూ కుర్మా కట్టి ఇచ్చింది. నది ఒడ్డున తిన్న ఆ పరాటాలకు సాటి లేదు.

ఒక చిన్న వసారా

ఊరికి దక్షిణపు వైపున ఉన్న లొరైన్ మోటెల్ చిన్న కట్టడం. లేత నీలిరంగు తలుపులు, ఇనుప రెయిలింగు ఉన్న వసారా. తెల్లవారి హోటళ్లు నల్లవారిని రానివ్వని రోజులలో దాని నల్లజాతి యజమాని తన భార్య పేరు కలిసివచ్చేలా దానికి పేరు పెట్టి నడిపాడు. స్టాక్స్ సంగీతకారులు ఇక్కడికే వచ్చేవారు. నలుపు తెలుపు తేడా లేకుండా కలిసి కూర్చోగల కొద్ది చోట్లలో ఇది ఒకటి.

1968 ఫిబ్రవరి 1న వర్షం కురుస్తుండగా ఇద్దరు పారిశుధ్య కార్మికులు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, తలదాచుకోవడానికి చోటు లేక తాము చెత్త ఎత్తే బండి వెనుక తొట్టిలోనే కూర్చున్నారు. చెత్తను నొక్కే యంత్రం పాడై ఒక్కసారిగా పనిచేయడం మొదలుపెట్టింది. ఇద్దరూ నలిగిపోయారు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పారిశుధ్య కార్మికులు పని మానివేశారు. వారిలో దాదాపు అందరూ నల్లవారే. నెత్తిన మోసే తొట్ల నుండి మురికినీరు ఒంటి మీదికి కారేది. పూర్తి కాలం పని చేసినా జీతంతో ఇల్లు గడిచేది కాదు. నెరిసిన జుట్టున్న వారిని కూడా ‘ఒరే అబ్బాయ్’ అని పిలిచేవారు. అందుకే వారు మెడలో వేసుకొని తిరిగిన అట్టల మీద జీతం మాట రాయలేదు, ఒకే ఒక్క వాక్యం రాసుకున్నారు: నేను మనిషిని.

వారికి అండగా డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ వచ్చారు. ఏప్రిల్ 3 రాత్రి తుఫానులో మేసన్ టెంపుల్ అనే చర్చిలో వారిని ఉద్దేశించి మాట్లాడారు. మరునాటి సాయంత్రం 6 గంటల 1 నిమిషానికి, లొరైన్ మోటెల్ రెండవ అంతస్తులో 306వ గది ముందు వసారాలో నిలబడి, ఆ రాత్రి సభలో ఒక భక్తిగీతాన్ని చక్కగా వాయించమని కింద ఉన్న వాద్యకారునితో చెప్పి, మరుక్షణం ఎదుటి భవనం నుండి వచ్చిన తూటాకు కూలిపోయారు. ఆయన వయసు 39. నాలుగు రోజుల తరువాత ఆయన భార్య ముందు నడవగా వేలాది మంది నగరంలో నిశ్శబ్దంగా ఊరేగారు. ఏప్రిల్ 16న నగరం దిగివచ్చి కార్మికుల సంఘాన్ని గుర్తించింది.

1991 నుండి ఆ మోటెల్ జాతీయ పౌరహక్కుల మ్యూజియం. లోపల ఒక పాత బస్సు ఉంది. ఎక్కి కూర్చుంటే డ్రైవరు గొంతు లేచి వెనక్కి పొమ్మని గద్దిస్తుంది. మనవరాలు ఉలిక్కిపడి లేచి నిలబడింది. తరువాత ఏమనుకుందో, మళ్లీ కూర్చుంది. చెత్తబండి ఒకటి, దాని ఎదుట అట్టలు పట్టుకున్న కార్మికుల బొమ్మలు. చివరగా అద్దం వెనుక 306వ గది. చెదిరిన పక్క, కాఫీ కప్పులు, అలాగే ఉన్నాయి. బయట వసారా రెయిలింగుకు ఒక పూలచక్రం.

కార్మికులు ప్రదర్శనకు బయలుదేరే క్లేబార్న్ టెంపుల్ కూడా చూడాలనుకున్నాము. ఆ చారిత్రక భవనం 2025 ఏప్రిల్‌లో మంటలకు ఆహుతి అయింది. పక్కన ఆ కార్మికుల పేర్లు చెక్కిన స్మారక గోడ నిలిచే ఉంది. ఆ గోడ ముందు మనవరాలు తన పుస్తకంలో రాసుకుంది. ‘టామ్ లీకి వేరే ఉద్యోగం ఎందుకు ఇవ్వలేదో తెలిసింది’ అని.

వరుస చెదిరాక

శుక్రవారం నగరానికి తూర్పున కార్డోవాలో ఉన్న మెంఫిస్ ఇస్లామిక్ సెంటర్‌లో జుమా నమాజు చేశాము. ఆ మస్జిదు కట్టడానికి స్థలం కొన్నప్పుడు, ఎదుట ఉన్న హార్ట్‌సాంగ్ చర్చి పాస్టర్ స్టీవ్ స్టోన్ భయపడలేదు, కోర్టుకు పోలేదు. పొరుగువారికి స్వాగతమని రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టించారు. 2010 రమజాన్ నాటికి మస్జిదు పూర్తికాకపోతే నమాజుల కోసం తన చర్చిలోనే చోటిచ్చారు. అమెరికాలో అనేక చోట్ల మస్జిదులకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరుగుతున్న సంవత్సరం అది. పొరుగువారి హక్కుల గురించి ప్రవక్త (స) బోధలు మనం వింటూనే ఉంటాము. వాటిని ఒక క్రైస్తవ సోదరుడు మనకు చేసి చూపించాడు.

నమాజులో నా కుడి పక్కన ఒక ఆఫ్రో అమెరికన్ పెద్దాయన నిలబడ్డారు. సలాం తిప్పిన తరువాత చేయి కలిపి, ఏ దేశమని అడిగారు. వారి తాత పత్తి చేలలో పని చేశారట. తాను 1970 దశకంలో ఇస్లాం స్వీకరించారట. నేను మురిసిపోయి, హజ్రత్ బిలాల్ (రజి) గురించి, మన మస్జిదులలో రాజూ పేదా ఒకే వరుసలో నిలబడటం గురించి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. ఆ తరువాత నెమ్మదిగా అడిగారు. “నమాజు ముగిసి వరుస చెదిరాక కూడా అలాగే ఉంటారా?”

తన కుమారునికి మన ఉపఖండం నుండి వచ్చిన ఒక ముస్లిం కుటుంబంలో సంబంధం అడిగితే, అబ్బాయి దీన్‌నూ గుణాన్నీ మెచ్చుకుంటూనే కాదన్నారట. కారణం ఎవరూ చెప్పలేదట. “చెప్పనవసరం లేదు, మాకు ఆ భాష పుట్టుకతోనే వచ్చు” అని నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. పత్తి మ్యూజియంలో పక్కన పెట్టిన ఆలోచన తిరిగి వచ్చి నా ఎదుట కూర్చుంది. ఇరవై రెండేళ్ల క్రితం మా పెద్దమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. నాతో పాటు బడిలో పనిచేసిన ఉపాధ్యాయుని కుమారుడు. నమాజీ, చదువుకున్నవాడు, కట్నం వద్దన్నవాడు. వారు నూర్‌బాషాలు. ‘ఇస్తిఖారా చేశాము, మనసు నిలవలేదు’ అని కబురు పంపాను. నిజానికి నేను ఇస్తిఖారా చేయలేదు. బంధువులు ఏమంటారోనని భయపడ్డాను. పైగా ఆ భయానికి అల్లాహ్ పేరు తగిలించాను.

మక్కా విజయం నాడు కాబా కప్పు మీద నుండి బిలాల్ (రజి) అజాన్ ఇచ్చినప్పుడు కొందరు ఖురైషులు ఆయన రంగును చూసి ఈసడించారనీ, మానవులంతా ఒకే జంట సంతానమని, దైవభీతి తప్ప మరే గొప్పా లేదని చెప్పే హుజురాత్ సూరా ఆయతు ఆ సందర్భానికి సంబంధించినదేననీ కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. హజ్రత్ అబూ జర్ (రజి) అంతటి సహాబీ ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లిని ఎత్తి అవమానించినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు అవశేషం ఉందని ప్రవక్త (స) మందలించారు. ఆ వ్యక్తి బిలాలేనని (రజి) వ్యాఖ్యాతలు రాశారు. ఆ తరువాత అబూ జర్ (రజి) తాను ధరించే వస్త్రం వంటిదే తన సేవకునికీ ధరింపజేసేవారని హదీసులో ఉంది. తప్పు తెలిశాక ఆయన ప్రసంగం చేయలేదు, బట్ట మార్చారు.

ఫిరౌను అంటే నైలులో మునిగిన ఒక రాజు మాత్రమే కాదు. ఒక జనాన్ని విడదీసి, ఒక వర్గాన్ని తక్కువ చేసి చూడటమే అతని పాలనా రీతి అని అల్ ఖసస్ సూరా ఆరంభంలో ఖుర్ఆన్ చెప్పింది. ఆ రీతి మిసిసిపీ దాకా ప్రయాణించింది. దానికి నా ఇంటి గుమ్మం ఏమంత దూరం?

మనవరాలు తన వ్యాసం ఇంగ్లీషులో రాసి, నాకు తెలుగులో చెప్పి వినిపించింది. పాటలు ఎవరు పాడారు అన్న ప్రశ్నకు జవాబుగా, తమను మనుషులుగా లెక్కపెట్టమని అడిగి అడిగి విసిగిన వారు పాడారని రాసింది. పది మార్కులకు తొమ్మిది వచ్చాయి. సంగీతకారుల పేర్లు తక్కువగా ఉన్నాయని టీచరు ఒక మార్కు తగ్గించారట.

స్వదేశానికి తిరిగివచ్చిన వారం రోజులకు ఆ ఉపాధ్యాయ మిత్రుని ఇంటికి వెళ్లాను. కుమారునికి ఎప్పుడో పెళ్లయింది, పిల్లలు కూడా. నేను వచ్చిన పని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇస్తిఖారా చేయలేదన్న సంగతి కూడా దాచకుండా చెప్పి, క్షమించమన్నాను. ఆయన నా చేయి పట్టుకొని, “మాస్టారూ, ఆ సంగతి మాకు ఆనాడే తెలుసు” అన్నారు. టీ ఇచ్చారు. ఆయన భార్య మాత్రం లోపలి గదిలో నుండి బయటికి రాలేదు. ఆమెకు ఆ హక్కు ఉంది.

తిరిగి వస్తుండగా వీధి మొగలో పురపాలక సంఘం చెత్తబండి ఆగి ఉంది. దాని పక్కన అలసిపోయి నిలబడిన మనిషిని ఆ దారిలో ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. అతను మన మస్జిదులోనే చివరి వరుసలో నమాజు చేస్తాడు. ఆ రోజు మొదటిసారిగా ఆగి, సలాం చెప్పి, పేరు అడిగాను.